వ్యాపారంతో సమాజానికి మేలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నలుగురికీ పనికొచ్చే వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లకి వచ్చే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. అడిగిన ప్రతిసారీ విడివిడిగా రాసే బదులు ఒకచోట పెడితే బాగుంటుందని ఈ పేజీ తయారు చేశాను. వరసగా చదవక్కర్లేదు. మీరు ఏ దశలో ఉంటే అక్కడికి వెళ్లండి.

## ఇంకా ఆలోచనలోనే ఉన్నవాళ్లకి

మంచి పని చేస్తూ డబ్బు సంపాదించడం తప్పు కాదా?

తప్పు కాదు. ఖర్చులు రాబట్టుకోలేని పని ఎంత గొప్పదైనా, దాతకి ఓపిక ఉన్నంతవరకే నడుస్తుంది. అడగాల్సింది లాభం వచ్చిందా రాలేదా అని కాదు, అది ఎలా వచ్చిందని. కొన్నవాళ్ల జీవితం మెరుగుపడి, వాళ్లు మళ్లీ మన దగ్గరికే రావడం వల్ల వచ్చిన లాభం వేరు. వాళ్లకి ఇంకో దారి లేదని తెలిసి ఎక్కువ గుంజితే వచ్చే లాభం వేరు. లెక్కల పుస్తకంలో రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఈ తేడాని ఎప్పటికప్పుడు మనమే చూసుకోవాలి.

మామూలు వ్యాపారం చేసుకుంటూ లాభంలో కొంత దానం చేస్తే చాలదా?

దానం మంచిదే, చేయండి. కానీ సామాజిక వ్యాపారం అంటే అది కాదు. ఇందులో మేలు డబ్బు వచ్చాక మొదలవదు, డబ్బు వచ్చే తీరులోనే ఉంటుంది. లండన్‌లో 1991లో మొదలైన 'బిగ్ ఇష్యూ' పత్రికని చూడండి. ఇల్లు లేనివాళ్లు ఆ పత్రికని తక్కువ ధరకి కొని, వీధిలో నిలబడి ముద్రించిన ధరకి అమ్ముతారు. మిగిలింది వాళ్లదే. పత్రిక ఎక్కువ అమ్ముడైతే వాళ్ల ఆదాయమూ పెరుగుతుంది. రెండిటినీ విడదీయలేం.

దానం అలా కాదు. లాభం తగ్గిన ఏడాది ముందుగా ఆగిపోయేది అదే. అందుకే మీ ఆలోచనని ఒక ప్రశ్నతో పరీక్షించుకోండి: అమ్మకాలు రెట్టింపైతే మేలు కూడా దానంతట అదే పెరుగుతుందా, లేక ఎవరో ఒకరు చెక్కు రాయాలా?

స్వచ్ఛంద సంస్థకీ దీనికీ తేడా ఏంటి?

స్వచ్ఛంద సంస్థకి డబ్బు దాత దగ్గర్నుంచి వస్తుంది, సేవ ఇంకొకరికి అందుతుంది. సామాజిక వ్యాపారానికి డబ్బు ఎక్కువగా అమ్మకాల నుంచే వస్తుంది. మామూలు కంపెనీతో పోలిస్తే తేడా లక్ష్యంలో ఉంటుంది. లాభమూ, మేలూ ఢీకొన్నప్పుడు దేని పక్షం వహించాలో ఇక్కడ ముందే రాసిపెట్టుకుంటారు. నిజ జీవితంలో ఈ గీతలు ఇంత స్పష్టంగా ఉండవు. చాలా సంస్థలు అమ్మకాలు కొంత, గ్రాంట్లు కొంత కలుపుకుని నడుస్తాయి. పేరు గురించి టెన్షన్ పడకండి.

నా దగ్గర మంచి ఐడియా ఉంది. నిజంగా పనికొస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఐడియా విన్నవాళ్లు చప్పట్లు కొట్టారంటే అది పనికొస్తుందని కాదు. దీనికి 'ప్లేపంప్' కంటే పెద్ద పాఠం నాకు తెలిసి లేదు.

దక్షిణాఫ్రికాలో పుట్టిన ఈ ఐడియా వినగానే ఎవరికైనా నచ్చుతుంది. పిల్లలు రంగులరాట్నంలా చక్రం తిప్పుతూ ఆడుకుంటారు, ఆ తిప్పుడుకి బోరు నీళ్లు పైన ట్యాంకులోకి ఎక్కుతాయి, ట్యాంకు మీద ప్రకటనల బోర్డులు పెడితే మరమ్మతులకి డబ్బు వస్తుంది. 2006లో అమెరికా ప్రభుత్వం, పెద్ద ఫౌండేషన్లు కోట్ల డాలర్లు ప్రకటించాయి. తీరా పెట్టాక పిల్లలు కాసేపు ఆడి వెళ్లిపోయేవారు. నీళ్లు మాత్రం రోజంతా కావాలి. దాంతో ఆడవాళ్లు, ముసలివాళ్లు వంగి ఆ చక్రాన్ని తిప్పాల్సి వచ్చింది. దానికంటే పాత చేతిపంపే నయమని వాళ్లే అన్నారు. చెప్పినట్టు ఒక్కో పంపుతో 2,500 మందికి నీళ్లు అందాలంటే పిల్లలు రోజుకి 27 గంటలు ఆడాలని ఒక పత్రిక లెక్క కట్టింది. 2010 నాటికి ఆ ప్రచారం ఆగిపోయింది.

అక్కడ ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. వాడేవాళ్లని ముందుగా అడగలేదు, అంతే. కాబట్టి డబ్బు పెట్టే ముందు మూడు సంగతులు తెలుసుకోండి. ఆ సమస్యతో వాళ్లు ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారు? దానికి వాళ్లకి ఎంత ఖర్చు, ఎంత సమయం అవుతోంది? మీ వస్తువు చెడిపోతే బాగుచేసేది ఎవరు? మూడో ప్రశ్నని దాదాపు అందరూ మర్చిపోతారు. తర్వాత చిన్న ఎత్తున, మీ నష్టం మీరు తట్టుకోగలిగినంత మేరకే చేసి చూడండి. "బాగుంది" అన్న మాట కంటే రెండోసారి వచ్చి కొన్నవాళ్లనే నమ్మండి.

ప్రతి సమస్యకీ వ్యాపారంలో పరిష్కారం ఉంటుందా?

ఉండదు. ఈ రంగంలో ఉన్నవాళ్లు ఈ మాట ఒప్పుకోవడానికి ఇష్టపడరు, కానీ ఒప్పుకోవాలి.

ఉచితంగా ఇస్తే విలువ ఉండదు, కాస్తయినా ధర పెట్టాలి అనే వాదన చాలాకాలంగా ఉంది. కెన్యాలో ఆర్థికవేత్తలు జెస్సికా కోహెన్, పాస్కలీన్ డ్యూపా దీన్ని పరీక్షించారు. గర్భిణులు వచ్చే క్లినిక్కుల్లో దోమతెరలని కొన్నిచోట్ల ఉచితంగా, కొన్నిచోట్ల రకరకాల ధరలకి ఇచ్చారు. ధర సున్నా నుంచి 60 సెంట్లకి పెరిగేసరికి తీసుకునేవాళ్లు 60 శాతం పాయింట్లు (అంటే ప్రతి వందమందిలో 60 మంది) తగ్గిపోయారు. ఉచితంగా తీసుకున్నవాళ్లు వాటిని వాడకుండా పక్కన పడేశారా అంటే అదీ లేదు. పైగా ఒకరు దోమతెర వాడితే చుట్టుపక్కల వాళ్లకి కూడా మలేరియా ముప్పు తగ్గుతుంది. ఇలా ఒకరు వాడితే అందరికీ మేలు జరిగే వాటికి ప్రభుత్వమో దాతలో డబ్బు పెట్టాలి, ఉచితంగానే పంచాలి. చేతిలో ఏమీ లేనివాళ్లకి అత్యవసరంగా కావాల్సిన వాటి విషయం కూడా అంతే.

## మొదలుపెట్టేటప్పుడు

పేదవాళ్ల దగ్గర డబ్బు తీసుకోవాలంటే మనసు ఒప్పుకోవడం లేదు. వేరే దారి ఉందా?

ఉంది. అందరి దగ్గరా ఒకే ధర తీసుకోవాలని ఎక్కడా లేదు. అరవింద్ కంటి ఆసుపత్రి దీన్ని చేసి చూపించింది. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, 1976లో మదురైలో 11 పడకలతో దాన్ని మొదలుపెట్టారు. ఇచ్చుకోగలిగినవాళ్లు ఫీజు కడతారు. ఇచ్చుకోలేనివాళ్లకి ఉచితంగానో, చాలా తక్కువకో చేస్తారు. గది సౌకర్యాల్లో తేడా ఉంటుంది గానీ ఆపరేషన్ చేసే డాక్టర్లు వాళ్లే.

ఇక్కడ చాలామంది ఒక విషయం గమనించరు. ఫీజు కట్టేవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకోవడం వల్లే ఇది సాధ్యమైందని అనుకుంటారు. అసలు సంగతి ఖర్చు తగ్గించడంలో ఉంది. ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్ పక్కన రెండు బల్లలుంటాయి. ఒకరికి ఆపరేషన్ జరుగుతుండగానే నర్సులు రెండో బల్ల మీద ఇంకొకరిని సిద్ధం చేస్తారు. మొదటిది పూర్తవగానే మైక్రోస్కోప్ అటు తిరుగుతుంది. డాక్టర్ మాత్రమే చేయగలిగిన పని డాక్టర్ చేస్తారు, మిగతాదంతా శిక్షణ పొందిన సిబ్బంది చూసుకుంటారు. కంట్లో పెట్టే లెన్సులని విదేశాల నుంచి తెప్పించడం భారమైతే, 1992లో ఆరోల్యాబ్ పెట్టి సొంతంగా తయారు చేయడం మొదలుపెట్టారు. మీ దగ్గర కూడా ధర గురించి మాట్లాడే ముందు ఖర్చు ఎక్కడ పోతోందో చూడండి.

ఇంకో దారి వాయిదాలు. 1995లో మొదలైన సెల్కో పేద ఇళ్లకి సోలార్ దీపాలు అమ్మేటప్పుడు బ్యాంకులతో మాట్లాడి, కొనేవాళ్లకి డబ్బు చేతికొచ్చే తీరుని బట్టి కిస్తీలు కట్టేలా ఏర్పాటు చేసింది. రోజు కూలీకి నెలకోసారి పెద్ద మొత్తం కట్టడం కష్టం, రోజూ కొద్దిగా కట్టడం తేలిక. చాలాసార్లు అడ్డం పడేది ధర కాదు, ఆ ధరని ఒకేసారి కట్టమనడం.

కంపెనీగా రిజిస్టర్ చేయాలా, ట్రస్టుగానా, సహకార సంఘంగానా?

దేశాన్ని బట్టి చట్టం మారుతుంది. భారతదేశంలో 2013 కంపెనీల చట్టంలోని సెక్షన్ 8 కింద పెట్టే కంపెనీ లాభం సంపాదించవచ్చు గానీ సభ్యులకి డివిడెండ్ (లాభంలో వాటా) ఇవ్వకూడదు. బ్రిటన్‌లో 2005 నుంచి 'కమ్యూనిటీ ఇంట్రెస్ట్ కంపెనీ' అనే రకం ఉంది. అందులో ఆస్తుల్ని సొంతానికి మళ్లించుకోకుండా చట్టమే తాళం వేస్తుంది. ఇటలీ 1991లోనే సామాజిక సహకార సంఘాలకి ప్రత్యేక చట్టం చేసింది. అమెరికాలో 2010లో మేరీల్యాండ్ రాష్ట్రం, లాభంతో పాటు సమాజానికి మేలు కూడా లక్ష్యంగా పెట్టుకునే 'బెనిఫిట్ కార్పొరేషన్' అనే రూపాన్ని తెచ్చింది, తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి.

ఏది ఎంచుకోవాలో తేల్చుకోవడానికి, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందు రాసుకోండి. విరాళాల మీద ఎక్కువగా ఆధారపడితే లాభం పంచని రూపం నయం. వాటా పెట్టుబడి కావాలంటే మామూలు కంపెనీ పెట్టి, ఆశయాన్ని నిబంధనావళిలోనే రాయించండి. పని చేసేవాళ్లే యజమానులు కావాలంటే సహకార సంఘం. సంతకాలకి ముందు ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌నీ లాయర్‌నీ కలవండి. తర్వాత మార్చుకోవడం చాలా తలనొప్పి.

నేను జీతం తీసుకోవచ్చా?

తీసుకోండి. మొదటి రోజు నుంచే లెక్కలో రాయండి. ఇప్పుడు తీసుకునే స్తోమత సంస్థకి లేకపోతే బాకీగా అయినా చూపించండి. స్థాపించినవాళ్ల జీతం సున్నా అని రాసుకుంటే వ్యాపారం నిజంగా నిలబడుతోందో లేదో ఎప్పటికీ తెలియదు. మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్లకి మాత్రం జీతం ఇవ్వక తప్పదు కదా.

ఉద్యోగం మానేసి పూర్తిగా దిగాలా?

కొన్నవాళ్లు మళ్లీ వచ్చి కొనేదాకా ఆగండి. ఇంటి ఖర్చుల భయంతో తీసుకునే నిర్ణయాల్లో మొదట బలయ్యేది ఆశయమే.

## డబ్బు దగ్గర

పెద్ద పెట్టుబడి లేకుండా మొదలుపెట్టడం సాధ్యమేనా?

సాధ్యమే. దీనికి చరిత్రలో గట్టి సాక్ష్యాలున్నాయి. 1844లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 28 మంది, ఎక్కువగా చేతివృత్తులవాళ్లు, నేతపనివాళ్లు, తలా కొంత కూడబెట్టి ఒక కొట్టు పెట్టారు. అప్పట్లో కార్మికులకి దొరికే సరుకులో కల్తీ ఎక్కువ. వీళ్లు కల్తీ లేని పిండి, వెన్న, చక్కెర అమ్మారు. మిగిలిన లాభాన్ని ఎవరెంత కొన్నారో దాన్ని బట్టి పంచుకున్నారు. ఆ నియమాలే తర్వాత ప్రపంచమంతా సహకార ఉద్యమానికి పునాది అయ్యాయి. 1959లో బొంబాయిలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన లిజ్జత్ పాపడ్‌లో ఇవాళ వేలమంది మహిళలు సభ్యులు, సభ్యులే యజమానులు. అహ్మదాబాద్‌లో ఇలా భట్ అనే ఆవిడ నడిపించిన 'సేవా' అనే శ్రామిక మహిళల సంఘం సభ్యులు, బ్యాంకులు తమని పట్టించుకోవడం లేదని, 1974లో తలా 10 రూపాయల వాటాతో సొంత బ్యాంకే పెట్టుకున్నారు.

ఈ మూడిట్లోనూ సమస్య ఎవరిదో పెట్టుబడీ వాళ్లదే. డబ్బు తక్కువే అయినా మార్కెట్ ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

ఇన్వెస్టర్ల డబ్బు తీసుకుంటే ఆశయం దెబ్బతింటుందా?

తింటుంది, జాగ్రత్త పడకపోతే. చిన్న అప్పుల రంగంలో జరిగింది చూస్తే చాలు.

బంగ్లాదేశ్‌లో ముహమ్మద్ యూనస్ 1976లో జోబ్రా అనే ఊళ్లో ప్రయోగంగా మొదలుపెట్టిన చిన్న అప్పులు 1983లో గ్రామీణ్ బ్యాంకుగా మారాయి. అందులో ఎక్కువ వాటా అప్పు తీసుకున్నవాళ్లదే. 2006లో యూనస్‌కీ బ్యాంకుకీ కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. సరిగ్గా మరుసటి ఏడాది మెక్సికోలో, స్వచ్ఛంద సంస్థగా పుట్టి చిన్న అప్పులిచ్చే కొంపార్తామోస్ షేర్ మార్కెట్లోకి వెళ్లింది. పెట్టుబడిదారులకి విపరీతమైన లాభం వచ్చింది. ఆ లాభం వెనక ఉన్నది పేద ఆడవాళ్లు కడుతున్న, ఏడాదికి 80 శాతం దాటిన వడ్డీ. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఒకే ఇంటికి రెండు మూడు అప్పులిచ్చి, వసూళ్ల కోసం ఒత్తిడి చేసి, ఆత్మహత్యల దాకా వెళ్లిందన్న ఆరోపణలు వచ్చాక ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. జనం అప్పులు తిరిగి కట్టడం చాలావరకు ఆగిపోయింది.

అప్పు అనే వస్తువు మారలేదు. దాని యజమాని మారాడు, ఆ యజమానికి ఉన్న తొందర మారింది. అందుకే ఇన్వెస్టర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎంత ఇస్తారు" కాదు, "ఎప్పుడు, ఎలా వెనక్కి తీసుకుంటారు" అని. ఐదేళ్లలో పది రెట్లు కావాలనే డబ్బు, నిదానంగా పెరిగే పనికి సరిపడదు. వాటా అమ్మకుండా దొరికే అప్పు, అమ్మకాల్లో శాతంగా తిరిగి కట్టే పద్ధతి కూడా పరిశీలించండి.

గ్రాంట్ ఇస్తామంటున్నారు. తీసుకోవాలా?

ఒక్కసారి అయ్యే ఖర్చుకైతే తీసుకోండి: పరిశోధన, యంత్రం, శిక్షణ. నెలనెలా జీతాలకి వాడితే గ్రాంట్ అయిపోయిన రోజున సంస్థా ఆగిపోతుంది. దాత కోసం పని స్వరూపమే మార్చుకోమంటే వద్దని చెప్పడం నేర్చుకోండి. కష్టమే, కానీ చెప్పాలి.

## నడుస్తున్నప్పుడు

మేం నిజంగా మేలు చేస్తున్నామో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఎంతమందికి అందించాం అనేది మీ పని లెక్క. వాళ్ల జీవితంలో ఏం మారింది అనేది మేలు లెక్క. ఎక్కువ రిపోర్టుల్లో మొదటిదే ఉంటుంది.

ఒక జత కొంటే ఒక జత పిల్లలకి ఇస్తామంటూ 2006లో మొదలైన టామ్స్ కంపెనీ బూట్ల గురించి ఎల్ సాల్వడార్‌లో పరిశోధకులు అధ్యయనం చేశారు. పిల్లలు బూట్లు వేసుకున్నారు, ఇష్టపడ్డారు కూడా. కానీ ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు, బడికి వెళ్లడం మగపిల్లల్లో మాత్రం కొద్దిగా పెరిగింది. ఎక్కువమందికి అప్పటికే ఏవో చెప్పులున్నాయి. ఆ కంపెనీయే ఈ పరిశోధనకి సహకరించింది, తర్వాత ఒకటికి ఒకటి పద్ధతిని వదిలేసింది. తన ప్రచారానికి మూలమైన మాటనే పరీక్షకి పెట్టడానికి ధైర్యం కావాలి. నాకు ఆ విషయంలో వాళ్లంటే గౌరవం.

చిన్న అప్పుల మీద బోస్నియా, ఇథియోపియా, ఇండియా, మెక్సికో, మంగోలియా, మొరాకోల్లో జరిగిన ఆరు అధ్యయనాలు 2015లో కలిసి వెలువడ్డాయి. కొంత ఉపయోగం ఉంది గానీ, పేదరికం నుంచి బయటపడేసేంత మార్పు సగటున రాలేదని తేలింది. దీనికి భిన్నంగా, 2007లో కెన్యాలో ఒక టెలికాం కంపెనీ వ్యాపారంగా మొదలుపెట్టిన ఎం-పెసా మొబైల్ నగదు సేవ వల్ల దేశంలో సుమారు 2 శాతం కుటుంబాలు పేదరికం దాటాయని తావ్‌నీత్ సూరి, విలియం జాక్ 2016లో అంచనా వేశారు. అంటే ఆశయం గొప్పగా ఉన్నంత మాత్రాన ఫలితం గొప్పగా ఉంటుందని లేదు.

చిన్న సంస్థకి ఇంత పెద్ద పరిశోధన అక్కర్లేదు. మీ దగ్గర కొన్నవాళ్లనీ, అదే పరిస్థితుల్లో ఉండి కొననివాళ్లనీ ఒకే ప్రశ్నలు అడగండి. కొని మానేసినవాళ్లని తప్పకుండా కలవండి. నిజం ఎక్కువగా వాళ్ల దగ్గరే ఉంటుంది. అడిగేవాళ్లు మీ సేల్స్ సిబ్బంది కాకూడదు.

ముడిసరుకు ఖర్చు పెరిగింది. ధర పెంచితే మా వాళ్లు కొనలేరు. ఏం చేయాలి?

గ్రామీణ్, ఫ్రాన్స్‌కి చెందిన డానోన్ కలిసి 2006లో బంగ్లాదేశ్‌లోని బోగ్రాలో పోషకాలు కలిపిన పెరుగు తయారీ మొదలుపెట్టాయి. పాల ధర పెరగడంతో పెరుగు ధర పెంచారు. పల్లెల్లో అమ్మకాలు ఒక్కసారిగా పడిపోయాయి. తర్వాత కప్పు సైజు తగ్గించి అందుబాటు ధరకి తెచ్చారు, నగరాల్లో ఎక్కువ ధరకి అమ్మడం మొదలుపెట్టారు. ఈ రెండూ మీకూ పనికొస్తాయి: చిన్న ప్యాకింగ్, ఇచ్చుకోగలిగిన ఇంకో మార్కెట్. నాణ్యత మాత్రం గుట్టుగా తగ్గించకండి. కొలత తగ్గిస్తే చెప్పి తగ్గించండి.

ఇది సేవ కదా, ఉద్యోగులకి కాస్త తక్కువ జీతం ఇస్తే తప్పా?

తప్పే. బయటివాళ్లకి మేలు చేయడానికి లోపలివాళ్లని నలపడం ఏ లెక్కనా మేలు కాదు. మార్కెట్ జీతం ఇవ్వలేని పరిస్థితి ఉంటే లెక్కలన్నీ వాళ్ల ముందు పెట్టండి, పై స్థాయి జీతాలు ముందుగా తగ్గించండి. జీతం ఆలస్యమైతే తేదీ రాకముందే చెప్పండి. సేవాభావం ఉన్న మనుషులు ఎక్కువ పని చేస్తారు, అడగడానికి మొహమాటపడతారు. ఆ మొహమాటాన్ని వాడుకునే సంస్థలు చాలా ఉన్నాయి. అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఉపయోగమా?

ఎగుమతులుంటే, పెద్ద కంపెనీలకి సరఫరా చేస్తుంటే ఉపయోగం. సమాజానికీ పర్యావరణానికీ మేలుగా నడిచే కంపెనీలకి 2006లో ఏర్పడిన బీ ల్యాబ్ ఇచ్చే బీ కార్ప్ గుర్తింపు, పండించినవాళ్లకి న్యాయమైన ధర దక్కిందని చెప్పే ఫెయిర్‌ట్రేడ్ ముద్ర ఎక్కువమందికి తెలిసినవి. ఫీజు, కాగితాల పని బాగానే ఉంటాయి. గుర్తింపు కోసం దరఖాస్తు చేయకపోయినా వాళ్ల ప్రశ్నావళి ముందు పెట్టుకుని కూర్చుంటే మీ సంస్థలో ఎక్కడ లోటుందో తెలిసిపోతుంది.

## పెరిగేటప్పుడు, చేతులు మారేటప్పుడు

వేరే ప్రాంతాలకి విస్తరించమంటున్నారు. మేమే శాఖలు పెట్టాలా?

పెట్టక్కర్లేదు. పద్ధతి వ్యాపించినా మేలు వ్యాపించినట్టే. అరవింద్ ఆసుపత్రి తన పనితీరుని దాచుకోకుండా, ఇతర దేశాల కంటి ఆసుపత్రులకి కూడా నేర్పడానికి ప్రత్యేకంగా ఒక శిక్షణ సంస్థనే నడుపుతోంది. మామూలు వ్యాపారంలో పోటీదారుకి రహస్యం చెప్పడం తెలివితక్కువతనం. ఇక్కడ సమస్య తీరడమే లక్ష్యం కాబట్టి మీ పని ఎవరైనా అనుకరిస్తే సంతోషించండి. కొలతలు, తప్పొప్పులు, సరఫరాదారుల వివరాలు రాతపూర్వకంగా పెట్టుకుంటే నేర్పడం తేలిక.

రేపు కంపెనీ అమ్మేస్తే ఆశయం ఏమవుతుంది?

కాగితం మీద రాసి ఉన్నంతవరకే మిగులుతుంది. ఐస్‌క్రీం కంపెనీ బెన్ అండ్ జెర్రీస్‌ని 2000లో యూనిలీవర్ కొన్నప్పుడు, సామాజిక ఆశయాన్ని కాపాడటానికి స్వతంత్ర బోర్డు ఉండాలని ఒప్పందంలో రాశారు. అయినా తర్వాత ఆ బోర్డుకీ యజమానికీ మధ్య గొడవలు కోర్టుకెక్కాయి. 2022లో అమెరికా దుస్తుల కంపెనీ పాటగోనియా స్థాపకుడు ఇవాన్ షూనార్డ్ ఇంకో దారి ఎంచుకున్నారు. ఓటు హక్కున్న 2 శాతం షేర్లని ఆశయాన్ని కాపాడే ట్రస్టుకి, ఓటు లేని 98 శాతాన్ని పర్యావరణం కోసం పనిచేసే సంస్థకి ఇచ్చేశారు. లాభం అటు వెళ్తుంది, నిర్ణయాలు ట్రస్టు చేతిలో ఉంటాయి, కంపెనీని ఎవరూ కొనేయలేరు. ఇంత పెద్ద ఎత్తున కాకపోయినా, మీ వాటాలు ఎవరికి, ఏ షరతు మీద బదిలీ కావాలో సంస్థ చిన్నగా ఉన్నప్పుడే రాయించండి.

నడపలేకపోతున్నాం, మూసేయాల్సి వచ్చేలా ఉంది. మమ్మల్ని నమ్ముకున్నవాళ్ల సంగతేంటి?

ముందుగా, చేతిలో డబ్బు పూర్తిగా అయిపోయేదాకా ఆగకండి. మూయడానికి కూడా డబ్బు కావాలి: బాకీ జీతాలు, సరఫరాదారులకి ఇవ్వాల్సింది, వస్తువు కొన్నవాళ్లకి మరమ్మతుల హామీ. ఈ మూడిటికీ సరిపడా మొత్తాన్ని పక్కన పెట్టి, అది తాకాల్సిన రోజు రాకముందే నిర్ణయం తీసుకోండి. కొన్నవాళ్లకి విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో, ఎవరు బాగుచేస్తారో చెప్పండి. వీలైతే ఆ పనిని ఇంకో సంస్థకి అప్పగించండి.

స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో 1956లో ఒక మతగురువు ప్రోత్సాహంతో మొదలైన మొండ్రాగోన్ కార్మిక సహకార సంఘాలకి ఇలాంటి పరిస్థితే వచ్చింది. వాటిలో పేరున్న ఫాగోర్ గృహోపకరణాల సంస్థ 2013లో దివాలా తీసింది. మిగతా సంఘాలు దాన్ని నిలబెట్టలేకపోయాయి గానీ, అందులోని సభ్యుల్లో చాలామందికి తమ సంఘాల్లో చోటిచ్చాయి, మరికొందరికి ముందస్తు రిటైర్మెంట్ ఏర్పాటు చేశాయి. అది సాధ్యమైంది సంఘాలన్నీ మంచి రోజుల్లోనే ఉమ్మడి నిధులు పెట్టుకోవడం వల్ల. మీ ప్రాంతంలో మీలాంటి పని చేసే రెండు మూడు సంస్థలతో ఇప్పుడే మాట్లాడి, ఒకరు ఆగిపోతే ఇంకొకరు సిబ్బందిని, వినియోగదారుల్ని ఎలా చేరదీస్తారో ఒక కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోండి.